పిత్రార్జితం, స్వార్జితం: రాన్ బరాసీ కథ

మా అమ్మమ్మ ఫోన్లో పొలం కాగితాల గురించి చెబుతుంటే రెండు కొత్త మాటలు విన్నాను. తండ్రి వైపు నుంచి వచ్చిన ఆస్తి పిత్రార్జితం. మనం సొంతంగా సంపాదించుకున్నది స్వార్జితం. నేను మెల్‌బోర్న్‌లో పెరిగాను కదా, వినగానే నాకు రాన్ బరాసీ గుర్తొచ్చాడు. ఇక్కడ ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, చూసేవాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు అరుదు.

బరాసీ 1936లో విక్టోరియా రాష్ట్రంలోని కాసిల్‌మెయిన్‌లో పుట్టాడు. తండ్రి పేరూ రాన్ బరాసీయే. ఆయన 1940లో కప్పు గెలిచిన మెల్‌బోర్న్ జట్టులో ఆడారు. మరుసటి ఏడాది లిబియాలోని టోబ్రుక్ దగ్గర యుద్ధంలో చనిపోయారు. అప్పటికి కొడుక్కి ఐదేళ్లు.

తండ్రితో కలిసి ఆడిన నార్మ్ స్మిత్ తర్వాత మెల్‌బోర్న్ కోచ్ అయ్యారు. ఆయనే ఈ కుర్రాణ్ణి తన ఇంట్లో ఉంచుకున్నారు. ఆ రోజుల్లో ఎవరు ఏ జట్టుకు ఆడాలన్నది వాళ్లు ఉండే ప్రాంతాన్ని బట్టి ఉండేది. అయితే తండ్రి ఆడిన జట్టుకు కొడుకు ఆడవచ్చని అప్పుడే ఒక నిబంధన వచ్చింది. అలా 1953లో, 17 ఏళ్ల వయసులో, బరాసీ మైదానంలోకి దిగాడు. తర్వాత తండ్రి వేసుకున్న 31 నంబరు జెర్సీనే వేసుకున్నాడు. ఆ జట్టుతో ఆరు కప్పులు గెలిచాడు, కెప్టెన్ అయ్యాడు.

ఇక్కడిదాకా పిత్రార్జితం.

1964 కప్పు తర్వాత కెప్టెన్‌గా, కోచ్‌గా రమ్మని కార్ల్‌టన్ పిలిచింది. బరాసీ వెళ్లిపోయాడు. మెల్‌బోర్న్ అభిమానుల గుండె పగిలింది. ఆ జట్టు మళ్లీ కప్పు గెలిచింది 2021లోనే.

కార్ల్‌టన్‌కు కోచ్‌గా అతను 1968లో కప్పు తెచ్చాడు. 1970 ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి కాలింగ్‌వుడ్ 44 పాయింట్లు ముందుంది. చూస్తున్నవాళ్లు 1,21,696 మంది. విరామంలో బరాసీ తన ఆటగాళ్లకు, బంతిని ఊరికే తన్నేయకుండా పిడికిలితో కొట్టి పక్కవాడికి అందించమని గట్టిగా చెప్పాడు. కార్ల్‌టన్ 10 పాయింట్లతో గెలిచింది. 1975లో నార్త్ మెల్‌బోర్న్‌కు ఈ లీగ్‌లో మొదటి కప్పు తెచ్చిన కోచ్ కూడా అతనే.

బరాసీ 2023లో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. తండ్రి జట్టును వదిలాడు గానీ తండ్రి నంబరును వదల్లేదు. కార్ల్‌టన్‌లోనూ అతను వేసుకున్నది 31 నంబరే.

మన తెలుగు కూడా ఇంతేనేమో. మాట ఇంటి నుంచి వచ్చింది. చదవడం, రాయడం మాత్రం స్వార్జితం.