మా మాచవరానికి ఉప్పెక్కడిది?

మా మాచవరంలో బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లగా పొర కడితే అందరం "ఉప్పు పట్టింది" అంటాం. నిజానికి అది ఎక్కువగా సున్నం. పక్కనే పిడుగురాళ్ళ సున్నం బట్టీలున్న నేల కదా మనది, రాతిలోంచి ఊరిన నీళ్ళు సున్నాన్నే మోసుకొస్తాయి. కూరలోకి ఉప్పు కావాలంటే మాత్రం సముద్రం వైపు చూడాల్సిందే. మా అత్తయ్య చిన్నతనంలో చినగంజాం ఉప్పు బస్తాల్లో వచ్చేదట.

ఆ ఉప్పు ఎలా తయారవుతుందో తెలుసుకుంటే మన జాడీ సంగతి కూడా అర్థమవుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే ఉప్పు ముప్పాతిక వంతుకు కాస్త ఎక్కువ. మిగతావి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు, చిటికెడు బ్రోమైడ్. మడిలో నీరు ఎండకు చిక్కబడుతుంటే ఇవన్నీ ఒక్కసారే కిందికి దిగవు. ముందు సున్నం, తర్వాత జిప్సం దిగుతాయి. నీరు పదో వంతుకు వచ్చాక అసలు ఉప్పు గింజ కడుతుంది. చివరికి మిగిలేది చేదు నీరు, మెగ్నీషియం చాలావరకు అందులోనే ఉంటుంది. పనివాళ్ళు దాన్ని సమయానికి బయటికి వదలకపోతే ఉప్పు చేదెక్కుతుంది. వానాకాలం రాళ్ళుప్పు చెమ్మగిల్లి జాడీ అడుగున నీరు చేరుతుందే, అది ఈ మెగ్నీషియం గాలిలో తేమను పీల్చడం వల్లే. ఆవకాయకు ఉప్పు ఎండబెట్టి దంచమని పెద్దవాళ్ళు ఊరికే చెప్పలేదు.

మరి సముద్రం లేని ఊళ్ళవాళ్ళు పూర్వం ఏం చేసేవారు? చౌడు నేలల మీద ఎండాకాలం తెల్లగా ఉప్పు పూస్తుంది. ఆ మన్ను గీకి పోగు చేసి, నీళ్ళు పోసి వడగట్టి, దిగిన ఉప్పునీటిని కాచో, ఎండబెట్టో ఉప్పు తీసేవారు. మట్టి ఉప్పు అంత తెల్లగా ఉండదు, శుభ్రమూ తక్కువే. కానీ గంజిలోకి ఉప్పుగల్లు కోసం ఎవరి దగ్గరా చేయి చాపనక్కర్లేదు. ఉప్పరవారి పేరులో ఉన్నది ఈ ఉప్పే. వాళ్ళ పెద్దల వృత్తి అది. తర్వాత చెరువు పనులకీ, మట్టి పనులకీ మళ్ళారు.

ఎందుకు మళ్ళారంటే, ఉప్పు సర్కారు సొత్తయింది కనుక. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లోనే కుంపిణీ ఉప్పు మీద గుత్తాధికారం తెచ్చుకుంది. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఉప్పు చేస్తే నేరమే. తన దొడ్లో పూసిన ఉప్పును గీకి కుండలో వేసుకున్న ఆడమనిషి కూడా దొంగే అన్నమాట! 1923లో సుమారు 37 కిలోల మణుగు మీద రూపాయి పావలా ఉన్న పన్నును రెండున్నర రూపాయలు చేశారు. గోల లేచి మరుసటి ఏడాదే మళ్ళీ తగ్గించారు. జమీందారు ఇంట్లోనూ కూలి ఇంట్లోనూ ఉప్పు దాదాపు ఒకటే పడుతుంది. అందుకే ఈ పన్ను పేదింటి వంటగదికే బరువు అంటాను నేను.

మన పల్నాడుకు ఇలాంటి పన్నుల బాధ కొత్తకాదు. అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చేసరికి ఆడవాళ్ళూ గడప దాటారు. మద్రాసులో దుర్గాబాయమ్మ, గుంటూరు నుంచి ఉన్నవ లక్ష్మీబాయమ్మ జైలుకెళ్ళారు. వంటింట్లో వస్తువు కోసం జరిగిన పోరాటం కాబట్టి వాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని ఉండి ఉండదు.

1931 మార్చి 5న గాంధీ, ఇర్విన్ ఒప్పందం చేసుకున్నారు. అందులో ఉప్పు గురించి ఇచ్చిన వెసులుబాటు గురించి పుస్తకాల్లో ఒక ముక్కతో సరిపెడతారు. ఉప్పు దొరికే చోటుకి ఆనుకుని ఉన్న ఊళ్ళవాళ్ళు ఇంటి వాడకానికి తీసుకోవచ్చు, ఆ ఊళ్ళోనే అమ్ముకోవచ్చు. బయటి ఊళ్ళవాళ్ళకు అమ్మకూడదు. అంటే చినగంజాం ఇల్లాలికి ఉప్పు చేతికందింది. మన మాచవరం ఇల్లాలు మాత్రం 1947లో పన్ను ఎత్తేసేదాకా గల్లుగల్లుకీ పన్ను కడుతూనే వండింది.