గవర్నర్ మాటా, రాజధాని మాటా?

అమెరికా అంతర్యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, 1862 ఏప్రిల్ 16న, దక్షిణాది కాన్ఫెడరేట్ కాంగ్రెస్ నిర్బంధ సైనిక సేవను చట్టం చేసింది. 18 నుంచి 35 ఏళ్ల లోపు తెల్లజాతి పురుషులు మూడేళ్లు సైన్యంలో ఉండాలి. ఐదు రోజుల తర్వాత మినహాయింపుల చట్టం వచ్చింది. రాష్ట్రాల న్యాయాధికారులకూ పాలనాధికారులకూ అందులో చోటు దక్కింది. అయితే ఊళ్లో తగవులు తీర్చే జస్టిస్ ఆఫ్ ద పీస్, కానిస్టేబుల్, మిలీషియా అధికారి ఆ లెక్కలోకి వస్తారా? గొడవంతా అక్కడే మొదలైంది.

రాష్ట్రాల హక్కుల పేరు చెప్పి విడిపోయిన ప్రభుత్వం, ఆ రాష్ట్రాల ఉద్యోగులనే పట్టుకుపోతానంటే గవర్నర్లు ఊరుకుంటారా? జార్జియా గవర్నర్ జోసెఫ్ బ్రౌన్ అసలు ఆ చట్టమే రాజ్యాంగ విరుద్ధమంటూ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌తో లేఖల యుద్ధం చేశాడు. జార్జియా సుప్రీంకోర్టు మాత్రం 1862లోనే జెఫర్స్ వర్సెస్ ఫెయిర్ కేసులో చట్టాన్ని సమర్థించింది. నార్త్ కరోలినాలో కథ వేరు. అక్కడ ప్రధాన న్యాయమూర్తి రిచ్‌మండ్ పియర్సన్, సైన్యం పట్టుకున్నవారు తమ నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్లు విని ఎందరినో విడిపించాడు. గవర్నర్ జెబులన్ వాన్స్ మేజిస్ట్రేట్లకూ మిలీషియా అధికారులకూ మినహాయింపు కావాలని పట్టుబట్టాడు.

కాంగ్రెస్ కొంత దిగివచ్చింది. పాలనకు అవసరమని గవర్నర్ కోరిన రాష్ట్రాధికారులను వదిలేయాలని 1863 మే 1న చట్టం చేసింది. తదుపరి రాష్ట్ర శాసనసభ సమావేశాలు ముగిసేలోగా ఆ సభే మినహాయించకపోతే ఈ వెసులుబాటు పోతుంది. 1864లో మినహాయింపుకు గవర్నర్ ధ్రువపత్రమే ఆధారమైంది. బ్రౌన్ వాటిని ధారాళంగా ఇస్తున్నాడని జనరల్ హొవెల్ కాబ్ బహిరంగంగానే తప్పుపట్టాడు. పేద రైతు తుపాకీ పట్టి పోతుంటే, చిన్న పదవి సంపాదించినవాడు ఇంట్లో ఉంటున్నాడన్న కడుపుమంట జనంలోనూ ఉంది.

యుద్ధంలో ఎదుటి పక్షమైన ఉత్తరాది 1863లో తెచ్చిన నిర్బంధ సేవా చట్టం ఈ తలనొప్పి పెట్టుకోలేదు. రాష్ట్ర స్థాయిలో గవర్నర్లను మినహాయించి, కౌంటీ, పురపాలక ఉద్యోగుల ఊసెత్తలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం కోసం అమెరికా తెచ్చిన 1917 నిర్బంధ సేవా చట్టం మధ్యే మార్గం పట్టింది. రాష్ట్రాల శాసన, పాలన, న్యాయాధికారులకు నేరుగా మినహాయింపు ఇచ్చింది. కౌంటీ, పురపాలక అధికారుల విషయం అధ్యక్షుడి విచక్షణకు వదిలింది. విచిత్రమేమిటంటే, చాలా చోట్ల నమోదు బోర్డులలో కూర్చున్నది షెరీఫూ, కౌంటీ గుమాస్తా వంటివారే. 1918 జనవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తేల్చింది. ఆ తీర్పు రాసిన ఎడ్వర్డ్ వైట్ ఒకప్పటి కాన్ఫెడరేట్ సైనికుడు. జెఫర్స్ కేసు సహా దక్షిణాది కోర్టుల తీర్పులనే ఆయన ఆధారాలుగా ఉదహరించాడు.

ఆ తర్వాతి 1940, 1948 నిర్బంధ సేవా చట్టాలు శాసనసభ్యులు, న్యాయమూర్తుల వంటి కొన్ని పదవులకే వాయిదా ఇచ్చాయి. మిగతా స్థానిక ఉద్యోగులు తమ పని అనివార్యమని స్థానిక బోర్డును ఒప్పించుకోవలసిందే. బోర్డు నిర్ణయానికి వాస్తవాధారం ఏదీ లేదని తేలితేనే కోర్టు జోక్యం చేసుకుంటుందని 1946లో ఎస్టెప్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. వాన్స్, బ్రౌన్ లేవనెత్తింది రాష్ట్రాల సార్వభౌమత్వ ప్రశ్న. ఎనభై ఏళ్లకు అది, ఈ మనిషి పోతే ఆ పని ఆగుతుందా అన్న ఉద్యోగపు లెక్కగా మిగిలింది.