కోచ్ ఎవరికి?

మా వారి ఆఫీసులో ఏటా చేయించే రక్తపరీక్షల్లో ఈసారి ఆయన షుగరు బోర్డర్‌లో ఉందని వచ్చింది. వాళ్లే ఒక హెల్త్ కోచ్‌ని కుదిర్చారు. ప్రతి శనివారం పొద్దున్నే ఒక అమ్మాయి ఫోను చేస్తుంది. "సార్, ఈ వారం ఎన్ని రోజులు నడిచారు? రాత్రి అన్నం ఎన్ని కప్పులు తిన్నారు?" ఈయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి నా వంక చూస్తారు. కప్పుల లెక్క నేను చెబుతాను, ఆయన ఆ అమ్మాయికి అప్పజెబుతారు. "వెరీ గుడ్ సార్" అన్న మెచ్చుకోలు మాత్రం ఆయన ఖాతాలోకే.

మొదట్లో నాకు నవ్వొచ్చింది. "తిండి తగ్గించు, నాలుగడుగులు నడువు" అని చెప్పడానికి ఒక మనిషి, దానికో జీతమా? మా అమ్మ ఆ మాట ఊరికే చెప్పేది, ఎవరూ వినేవాళ్లు కాదు. వినకపోవడంలోనే ఉందేమో కిటుకు అనిపించి, ఈ పద్ధతి ఎక్కణ్ణించి వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను. చదువుతూ పోతే ఫిన్లాండ్ ఆడవాళ్ల వంటిళ్లలో తేలాను.

ఫిన్లాండ్‌కి తూర్పున, రష్యా సరిహద్దులో ఉత్తర కరేలియా అని ఒక ప్రాంతం ఉంది. అడవులు, చెరువులు, పాడి. 1960ల్లో, 70ల మొదట్లో గుండెజబ్బుతో మగవాళ్లు అంతగా చనిపోయిన చోటు ప్రపంచంలోనే మరొకటి లేదనేవారు. కట్టెలు కొట్టి, పొలం దున్ని ఒళ్లు వంచి పనిచేసే మనుషులే, కానీ నడివయసులోనే పోయేవారు. రొట్టె మీద మందంగా వెన్న, వెన్న తియ్యని పాలు, కొవ్వున్న మాంసం, ఉప్పు, ఆపైన సిగరెట్లు. కూరగాయలంటే పశువుల మేత అన్నట్టు చూసేవారట. చివరికి 1971లో అక్కడి జనం మమ్మల్ని ఆదుకోండి అని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. మరుసటి ఏడు ఒక పథకం మొదలైంది. దాన్ని నడిపిన డాక్టరు పెక్కా పుస్కాకి అప్పటికి 27 ఏళ్లు.

ఆయనకి తొందరగానే ఒక సంగతి అర్థమైంది. డాక్టరు ఊరికొచ్చి ఉపన్యాసం ఇచ్చి వెళ్తే అందరూ తల ఊపుతారు, ఇంటికెళ్లి మళ్లీ వెన్నే రాసుకుంటారు. అప్పుడు తోడొచ్చింది మార్తా సంఘం. 1899లో పుట్టిన గృహిణుల సంఘం అది, ఊరూరా శాఖలుండేవి. ఆ ఆడవాళ్లకి ఈ జబ్బు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, పోతున్నది వాళ్ల మగవాళ్లే కదా. ఊళ్లో "దీర్ఘాయువు విందు" పెట్టేవారు. డాక్టరు నాలుగు ముక్కలు మాట్లాడాక అందరూ కలిసి వండేవారు. వంట కొత్తదేమీ కాదు, వాళ్లు తరతరాలుగా చేసుకునే మాంసం పులుసే. అందులో మాంసం కొంత తగ్గించి క్యారెట్లు, దుంపలు వేశారు, ఉప్పు తగ్గించారు. తిన్నవాళ్లకి బాగుంది. అంతే.

నాకు ఇక్కడే మనసు ఆగిపోయింది. పులుసు మానేయమనలేదు చూడండి! మన దగ్గరైతే ముందు "అన్నం మానేయండి, ఆవకాయ మానేయండి" అంటారు. మానేయమన్న మాట మూడో రోజుకే మాయమవుతుంది.

ఊరికి ఇద్దరు ముగ్గుర్ని, జనం మాట వినేవాళ్లని ఎంచి శిక్షణ ఇచ్చి, ఇరుగుపొరుగుని కనిపెట్టుకుని ఉండమన్నారు. కోచ్ అన్న పేరు లేదుగానీ పని అదే. పాడి రైతులకి మాత్రం కోపమొచ్చింది. వెన్న వద్దంటే వాళ్ల బతుకేం కావాలి? ఆ గొడవ చాలాకాలం నడిచింది. అయినా 40 ఏళ్లలో అక్కడ పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. సిగరెట్లు తగ్గడం, బీపీకి మందులు వాడటం కూడా అందులో ఉన్నాయి. అంతా పులుసు గొప్పే అనను.

తర్వాత అదే దేశంలో షుగరు మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. షుగరు అంచున ఉన్న 522 మందిని తీసుకుని, సగం మందికి పోషకాహార నిపుణులు ఒక్కొక్కరితో విడివిడిగా, మళ్లీ మళ్లీ కూర్చుని మాట్లాడారు. మిగతావాళ్లకి మామూలు సలహాలే. 2001లో ఫలితాలు వచ్చాయి. తోడుగా కూర్చుని చెప్పినవాళ్లలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. మరుసటి ఏడు అమెరికాలో 3,234 మందితో చేసినదాంట్లోనూ సరిగ్గా 58 శాతమే. అక్కడ ఒక్కొక్కరికి "లైఫ్‌స్టైల్ కోచ్" పేరుతోనే ఒక మనిషిని పెట్టి, మొదటి ఆరు నెలల్లో 16 పాఠాలు చెప్పించారు. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. జీతమా అని నవ్విన నేను ఇక్కడ నోరు మూసుకున్నాను.

మన దక్షిణాదిలోనూ చేశారు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన పరిశోధన 2006లో వచ్చింది, 28 శాతం పైచిలుకు తగ్గింది. 2013లో ఇంకొకటి, సెల్‌ఫోనుకి మెసేజ్‌లు పంపిస్తూ. అదీ ఫలించింది. ఎంతమందీ అని చూస్తే 537 మంది, అందరూ మగవాళ్లే. వెనక్కెళ్లి మిగతావీ చూశాను. చెన్నైలో 531లో ఆడవాళ్లు 110 మంది. ఫిన్లాండ్‌లో 522లో 350 మంది. ఎందుకలా ఎంచుకున్నారో, వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. నాకు మాత్రం మా ఇంటి శనివారమే గుర్తొచ్చింది. నూనె ఎంత పొయ్యాలో, ఉప్పు ఎంత వెయ్యాలో చూసేది నేను. మెసేజ్ వెళ్లేది ఆయనకి.

అసలు నేను పరీక్ష చేయించుకుని ఎన్నేళ్లయిందో లెక్క వేస్తే, మా రెండోవాడి పురిటప్పుడు. వాడిప్పుడు ఇంటర్. మర్నాడే వెళ్లి రక్తం ఇచ్చి వచ్చాను. మూడు నెలల షుగరు 6.1 ఉంది. నేనూ బోర్డర్‌లోనే. వంటలో ఆయనకని తగ్గించినవన్నీ నేనూ తింటున్నాను కదా, మరి ఎలా వచ్చిందని మా వారి అనుమానం.

మొన్న శనివారం ఆయనే ఫోను స్పీకర్‌లో పెట్టి, "మా ఆవిడకీ వచ్చిందమ్మా, ఆవిణ్ణి కూడా అడుగు" అన్నారు. ఆ అమ్మాయి, "మేడం, మీరు పొద్దున ఎన్నింటికి తింటారు?" అంది. నన్నెవరూ అడగని ప్రశ్న. కాసేపు ఆలోచించి "పదకొండు దాటుతుంది" అన్నాను. ఏం తింటారని అడిగింది.

"ఏది మిగిలితే అది" అన్నాను.