పిలిస్తే వచ్చిన విమానం

2020 జనవరి 31, శుక్రవారం. కరోనాతో ఊహాన్ నగరం మూతపడి తొమ్మిదో రోజు. విమానాశ్రయంలో జ్వరం చూసే వైద్య సిబ్బంది ముందు మనవాళ్ళు వరుసకట్టారు. ఎక్కువమంది విద్యార్థులు. కొత్త ఉద్యోగానికి శిక్షణ కోసం చైనా వచ్చిన ఆంధ్ర ఇంజనీర్లూ ఆ వరుసలోనే ఉన్నారు. ఒళ్ళు వెచ్చగా ఉంటే ప్రయాణం లేదు. అలా ఆరుగురు ఆగిపోయారు. కలిసి వచ్చినవాళ్ళు విమానం వైపు నడుస్తుంటే, వాళ్ళు వెనక్కి తిరగాల్సి వచ్చింది.

బయట ఎయిరిండియా బోయింగ్ 747 నిలబడి ఉంది. 423 సీట్ల జంబో. దాదాపు పాతికేళ్ళ వయసుది. లోపల వడ్డన లేదు. తినడానికి పెట్టాల్సినవన్నీ ముందే సీటు జేబుల్లో సర్ది ఉంచారు. సిబ్బంది రక్షణ దుస్తుల్లో ఉన్నారు. ఢిల్లీ నుంచి అయిదుగురు డాక్టర్లు వెంట వచ్చారు. మర్నాడు ఉదయం ఏడున్నరకి విమానం ఢిల్లీలో దిగింది. 324 మంది. ఇళ్ళకు పంపలేదు, నేరుగా క్వారంటైన్ శిబిరాలకు తీసుకెళ్ళారు. అయినా కాళ్ళ కింద సొంత నేల ఉంది. ఆ మధ్యాహ్నమే మరో విమానం ఊహాన్‌కి బయలుదేరింది.

ఆ 324 మందిలో ఆంధ్రప్రదేశ్ వాళ్ళు 56 మంది, తమిళనాడు వాళ్ళు 53 మంది. ఈ రెండు అంకెలనూ కలిపి చదువుకోవాల్సినవాళ్ళం తమిళనాడులోని గాంధీపురం తెలుగువాళ్ళం. మన భాష అక్కడిది, మన ఇల్లు ఇక్కడిది.

ఎయిరిండియాలో ఈ జంబోల కథ 1971లో మొదలైంది. జె.ఆర్.డి. టాటా ఛైర్మన్‌గా ఉన్న రోజులు. ఏప్రిల్‌లో మొదటి 747, ‘ఎంపరర్ అశోక’, బొంబాయి చేరుతుంటే వాయుసేన మిగ్‌లు రెండు పక్కన ఎగురుతూ తోడొచ్చాయి. ఒక్కో కిటికీ చుట్టూ రాజస్థాన్ కోటల్లోని ఝరోఖాలా ఎర్రటి తోరణం గీశారు. తర్వాత వచ్చిన చాలావాటికీ చక్రవర్తుల పేర్లే. వాటిలో ఒకటి ‘కృష్ణదేవరాయ’. విజయనగర కాలంలో, మదురై నాయకుల కాలంలో మా పెద్దలు ఇటు వచ్చారని చెప్పుకునే మన ఇళ్ళలో ఆ పేరుకున్న విలువ వేరే చెప్పక్కర్లేదు.

గర్వంతో పాటు కన్నీళ్ళూ ఉన్నాయి. 1978 జనవరి 1న అదే ‘అశోక’ బొంబాయి తీరంలో సముద్రంలో కూలి 213 మంది పోయారు. 1985 జూన్ 23న మరో జంబో ‘కనిష్క’ను ఐర్లండ్ దగ్గర ఆకాశంలోనే బాంబు పేల్చింది. 329 మంది. ఆ పేర్లు తలుచుకోకుండా జంబో గురించి రాయడం న్యాయం కాదు.

1990లో కువైట్ యుద్ధం వచ్చింది. అమ్మాన్ మీదుగా ఎయిరిండియా విమానాలు వందల ట్రిప్పులు తిరిగి, లక్షమందికి పైగా మనవాళ్ళను ఇంటికి చేర్చాయి.

జంబోని ఇంటికి పంపింది లెక్కలే. దానికి నాలుగు ఇంజన్లు. బోయింగ్ 777కి రెండే, అయినా దాదాపు అంతమందినీ మోస్తుంది. నాలుగు ఇంజన్ల ఇంధనం, నాలుగింటి మరమ్మతు ఏ సంస్థ అయినా ఎంతకాలం భరిస్తుంది? సాధారణ సర్వీసులు తగ్గాయి. జంబోలు ప్రముఖుల ప్రయాణాలకు, అవసరమొచ్చినప్పుడు నడిపే విమానాలుగా మిగిలాయి. 2021లో చివరి ప్రయాణికుల సర్వీసు నడిచింది. 2022 జనవరిలో సంస్థ ప్రభుత్వం నుంచి మళ్ళీ టాటాల చేతికి వచ్చింది. మిగిలిన నాలుగు జంబోల రిజిస్ట్రేషన్ ఆ ఏడాదే రద్దయింది. 2023 జనవరి 31న బోయింగ్ సంస్థ కూడా తన 1574వ 747ని, ఆఖరిదాన్ని, అప్పగించేసింది.

2024 ఏప్రిల్ 22, సోమవారం, ముంబై. ఎయిరిండియా చివరి జంబో ‘ఆగ్రా’ రన్‌వే మీద పరుగు తీసింది. నేల వదిలాక ఒక రెక్క దించింది, మళ్ళీ రెండోది. విమానాలు నడిపేవాళ్ళు సెలవు తీసుకునే పద్ధతి అది. ప్రయాణం అమెరికాకి, విడిభాగాలుగా విప్పించుకోవడానికి.

పాత విమానాన్ని పక్కన పెట్టడం తప్పు కాదు. కానీ కువైట్ యుద్ధంలోనూ ఊహాన్‌లోనూ ఎయిరిండియా విమానాలు చేసిన పనికి రిటైర్మెంటు లేదు. ఆ రోజుల్లో ఎయిరిండియా ప్రభుత్వ సంస్థ, పొమ్మంటే పోయింది. 2022లో ఉక్రెయిన్ నుంచి వేలమంది విద్యార్థులను ప్రైవేటు సంస్థల విమానాలూ వాయుసేన విమానాలూ కలిసి తెచ్చాయి. అంటే ఇప్పటికీ దారి ఉంది. ఆ దారిని ప్రతిసారీ అప్పటికప్పుడు వెతుక్కోకూడదు. పరాయి దేశంలో మన బిడ్డ చిక్కుకుంటే ఏ విమానం, ఎవరి ఖర్చుతో, ఎన్ని గంటల్లో బయలుదేరాలో ప్రభుత్వం ముందే రాసి పెట్టుకోవాలి. పిల్లల్ని విదేశాలకు పంపే ప్రతి తల్లీతండ్రీ ఓటడగడానికి వచ్చినవాళ్ళను ఈ మాట అడగాలి.