గుండె ఆపిన యోగులు, ఆగని గుండెలు

అల్ వర్సాన్ నుంచి ఈ వారం మన ఒంటి గురించి, దాన్ని అర్థం చేసుకున్న చరిత్ర గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన ప్రమేయం లేకుండా ఒంట్లో జరిగే పనులు ఎన్నో. గుండె కొట్టుకుంటుంది, తిన్నది అరుగుతుంది, వెలుతురు పడితే కంటిపాప చిన్నదవుతుంది, ఎండకు చెమట పడుతుంది. వీటిని నడిపే నాడులకు 1898లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త లాంగ్లీ 'అటానమిక్' అని పేరు పెట్టాడు. మన పాఠ్యపుస్తకాల్లో అదే స్వయంచోదిత నాడీవ్యవస్థ. ఇందులో సింపథెటిక్ పాయ ఆపద వేళ గుండెను ఉరికిస్తుంది. పారాసింపథెటిక్ పాయ నెమ్మదింపజేస్తుంది. మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నాడిని కదిలిస్తే గుండె నెమ్మదిస్తుందని, ఆగుతుందని కూడా 1845లోనే జర్మనీకి చెందిన వెబర్ సోదరులు చూపించారు. ఆ కబురు గుండెకు ఒక రసాయనం ద్వారా అందుతుందని 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో తేల్చాడు. ఆ పరిశోధనలకే 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మరి మనసు గట్టిగా అనుకుంటే ఈ వ్యవస్థ మన మాట వింటుందా? మన యోగులు గుండెను ఆపగలరని చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. 1935లో తెరీజ్ బ్రోస్ అనే ఫ్రెంచి వైద్యురాలు ఈసీజీ యంత్రం పట్టుకుని భారతదేశం వచ్చింది. ఒక యోగి గుండె సంకేతాలు దాదాపు మాయమయ్యాయని నమోదు చేసింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది.

దాన్ని సరిచూడడానికి 1957లో అమెరికా నుంచి వెంగర్, బాగ్చీ అనే శాస్త్రవేత్తలు వచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన ఆనంద్ వారితో కలిశారు. వారు పరీక్షించిన నలుగురిలో ఆంధ్రకు చెందిన రామానంద యోగి ఒకరు. ఫలితాలు 1961లో అచ్చయ్యాయి. గుండెనో నాడినో ఆపగలమన్నవారు ఊపిరి బిగబట్టి, పొట్ట, ఛాతీ కండరాలను గట్టిగా బిగించారు. ఛాతీలో ఒత్తిడి పెరిగి, సిరల నుంచి గుండెకు వచ్చే రక్తం తగ్గింది. మణికట్టు దగ్గర నాడి అందలేదు. కండరాల సవ్వడిలో గుండె చప్పుడు వినపడలేదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది! నెమ్మదింపజేస్తానని మాత్రమే చెప్పిన నాలుగో యోగి గుండె నిజంగానే నెమ్మదించింది. దానికీ కండరాల సాయమే కారణమై ఉంటుందని వారు భావించారు.

ఇది విని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అదే రోజుల్లో ఎయిమ్స్‌లో రామానంద యోగిని గాలి చొరబడని పెట్టెలో గంటల తరబడి కూర్చోబెట్టి చూశారు. మామూలు విశ్రాంతిలో వాడేదానికంటే తక్కువ ప్రాణవాయువుతో ఆయన సరిపెట్టుకున్నారు. అదీ 1961లోనే అచ్చయింది. సాధన ఫలితం ఉత్తుత్తిది కాదు. అయితే ఆ సాధన లోపలికి వెళ్ళిన దారి ఊపిరి. ఊపిరి ఒంట్లో దానంతట అదే నడుస్తూ, మనం పట్టుకుంటే మన మాటా వినే పని. నెమ్మదిగా ఊపిరి వదిలితే వేగస్ పని పెరిగి గుండె కాస్త నిదానిస్తుంది. మన పెద్దలు ప్రాణాయామానికి అంత విలువ ఎందుకిచ్చారో ఇక్కడ తెలుస్తుంది.

ఈ కథ మనకెందుకంటే, రెండు కారణాలు. ఒకటి, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వీడియోలు చూసి ఊపిరి బిగబట్టే విన్యాసాలు చేయకండి. ఛాతీలో ఒత్తిడి ఏం చేస్తుందో ఇప్పుడే విన్నారు కదా.

రెండోది, మన ఎండ. మెదడులోని హైపోథలామస్ ఒంటి వేడిని గమనించి, సింపథెటిక్ నాడుల ద్వారా చెమట పట్టిస్తుంది. నీళ్ళు, ఉప్పు తగ్గిపోతే ఎంత గుండె ధైర్యం ఉన్నా ఆ ఏర్పాటు చేతులెత్తేస్తుంది. ఇక్కడ ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉన్నది అందుకే. కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో వచ్చి ఎండలో పనిచేసే మనవాళ్ళెవరైనా తల తిరుగుతోందంటే, "ఓర్చుకో తమ్ముడూ" అనకండి. నీడకు తీసుకెళ్ళి, ఒళ్ళు తడిపి, స్పృహలో ఉంటే నీళ్ళివ్వండి. మాట తడబడితే వెంటనే అంబులెన్సును పిలవండి.

యోగుల గుండెలే ఆగమంటే ఆగలేదు. మన చెమట మాత్రం మన ఓర్పు మాట వింటుందా? ఆలోచించండి. సెలవు.