మాల్‌వేర్

కంప్యూటరుకు, మొబైల్ ఫోనుకు లేదా వాటిలోని సమాచారానికి కీడు చేసే ఉద్దేశంతో తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను మాల్‌వేర్ అంటారు. తెలుగులో దీనిని హానికర సాఫ్ట్‌వేర్ అనవచ్చు. వాడుకలో ఇటువంటివాటన్నిటినీ "వైరస్" అనడం పరిపాటి. కాని వైరస్ అనేది మాల్‌వేర్‌లో ఒక రకం మాత్రమే. సోకినది ఏ రకమో తెలియకపోతే తగిన చికిత్స జరగదు. ఒక్కొక్కసారి చికిత్స పేరుతో ఉన్న ఫైళ్లనే పోగొట్టుకోవలసి వస్తుంది.

పేరు

ఆంగ్లంలోని "మలీషియస్", "సాఫ్ట్‌వేర్" అనే పదాల కలయిక వలన "మాల్‌వేర్" ఏర్పడింది. 1990లో ఇస్రాయెల్ రదాయ్ ఈ పదాన్ని ప్రయోగించాడు. "వైరస్" అంతకంటే పాతది. 1980వ దశకంలో ఫ్రెడ్ కోహెన్ తనను తాను నకలు చేసుకునే ప్రోగ్రాములపై పరిశోధన చేస్తున్నపుడు, ఆయన ఆచార్యుడు లియోనార్డ్ ఆడెల్‌మన్ ఈ పేరు సూచించాడు. వైరస్‌లు ముందుగా ప్రచారంలోకి రావడం వలన, తరువాత వచ్చినవాటికి కూడా జనం ఆ పేరే వాడారు.

భారతదేశపు చట్టం కూడా ఈ భేదాన్ని పాటించింది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను "కంప్యూటర్ కంటామినెంట్", "కంప్యూటర్ వైరస్" అనే రెండిటినీ వేరువేరుగా నిర్వచించింది. దురుద్దేశంతో వీటిని ప్రవేశపెట్టినవారికి 66వ సెక్షను ప్రకారం మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

రకాలు

మాల్‌వేర్‌ను రెండు విధాలుగా వర్గీకరిస్తారు. మొదటిది, అది వ్యాపించే తీరును బట్టి:

* వైరస్: వేరొక ప్రోగ్రామునో, ఫైలునో అంటిపెట్టుకొని ఉంటుంది. ఆ ఫైలును తెరిచినపుడు పనిచేసి ఇతర ఫైళ్లకు పాకుతుంది.
* వర్మ్: దీనికి ఆశ్రయం అక్కరలేదు. నెట్‌వర్క్ ద్వారా ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు తానే వెళుతుంది. 1988 నవంబరు 2న విడుదలైన మోరిస్ వర్మ్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ.
* ట్రోజన్: ఉపయోగకరమైన ప్రోగ్రాములా కనిపించి, వాడుకరి చేతనే తనను స్థాపింపజేసుకుంటుంది. గ్రీకు గాథలోని చెక్క గుర్రం పేరు దీనికి వచ్చింది.

రెండవది, అది చేసే పనిని బట్టి. రహస్యంగా సమాచారం సేకరించేది స్పైవేర్. అక్కరలేని ప్రకటనలు చూపేది యాడ్‌వేర్. ఫైళ్లను సంకేతలిపిలోకి మార్చి, విడిపించడానికి డబ్బు అడిగేది రాన్సమ్‌వేర్. ఒకే మాల్‌వేర్ రెండు వర్గీకరణల్లోనూ చోటు పొందవచ్చు. 2017లో వచ్చిన వానాక్రై వ్యాప్తిలో వర్మ్, పనిలో రాన్సమ్‌వేర్.

యాంటీవైరస్ హెచ్చరికలో పేరు చదవడం

యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్ హెచ్చరికలో వచ్చే పేరుకు ఒక పద్ధతి ఉంది. 1991లో కారో అనే నిపుణుల బృందం దీనికి రూపకల్పన చేసింది. ఉదాహరణకు "వర్మ్:విన్32/కాన్‌ఫికర్.బి" అనే పేరులో మొదటి భాగం రకాన్ని, రెండవది అది పనిచేసే విండోస్ వేదికను, మూడవది కుటుంబాన్ని, చివరి అక్షరం ఆ కుటుంబంలోని రూపాంతరాన్ని తెలుపుతాయి. అయితే అన్ని సంస్థలూ ఒకే పేరు వాడవు. 2008లో బయటపడిన కాన్‌ఫికర్‌నే కొందరు డౌనాడప్ అని, కొందరు కిడో అని పిలిచారు. కనుక హెచ్చరికలోని పేరును పూర్తిగా వ్రాసిపెట్టుకోవడం మంచిది.

ఆంధ్రప్రదేశ్‌లో

కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పథకాన్ని ప్రారంభించాయి. దీనిలో భాగంగా సామాజిక సమాచార కేంద్రాలు ఏర్పడి, సొంత కంప్యూటరు లేనివారికి కూడా కంప్యూటరు సేవలు అందాయి. మదనపల్లె, పుంగనూరు వంటి పట్టణాలలో ఇంటర్నెట్ కేంద్రాలు, జిరాక్సు దుకాణాలు ఈ అవసరం తీరుస్తాయి. పలువురు వాడే కంప్యూటరులో ఒకరి పెన్‌డ్రైవ్ నుండి వచ్చిన మాల్‌వేర్ తరువాత పెట్టిన పెన్‌డ్రైవ్‌లకు సులభంగా అంటుతుంది.

2017 మే 12న మొదలైన వానాక్రై దాడి సుమారు 150 దేశాలకు వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు విభాగాల కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ అప్పటికి చిత్తూరు జిల్లాలోనివే. విండోస్‌లోని ఏ లోపం ద్వారా ఈ మాల్‌వేర్ చొరబడిందో దానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న సవరణ విడుదల చేసింది. అంటే సవరణ వచ్చి దాదాపు రెండు నెలలైనా దానిని స్థాపించుకోని కంప్యూటర్లు ఎన్నో మిగిలి ఉన్నాయి.

ఇటీవలి కాలంలో ఫోన్లకు ప్రమాదం పెరిగింది. పెళ్లి శుభలేఖ, వాహన చలాను, ప్రభుత్వ పథకం పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఇటువంటివి. ఇవి ట్రోజన్లు. స్థాపించుకున్న ఫోనులోని సంక్షిప్త సందేశాలను, వాటితోపాటు బ్యాంకు పంపే ఓటీపీలను దొంగిలిస్తాయి.

సోకిన తరువాత కోలుకోవడం

అన్ని రకాలకూ వర్తించే మొదటి చర్య, కంప్యూటరును నెట్‌వర్క్ నుండి వేరుచేయడం. వైరు తీసివేయాలి లేదా వైఫై ఆపాలి. తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్‌లు, హార్డ్‌డిస్కులు తొలగించాలి. తెరపై వచ్చిన సందేశాన్ని ఫొటో తీసుకోవాలి. ఆ తరువాతి చికిత్స రకాన్ని బట్టి ఉంటుంది.

* పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మాయమై వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు కనిపిస్తే: వీటిని తెరవరాదు. దీనిని "షార్ట్‌కట్ వైరస్" అంటారు. చాలా సందర్భాలలో అసలు ఫైళ్లు పోవు, దాచబడతాయి. చాలామంది విద్యార్థులు ఫైళ్లు పోయాయనుకొని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి ప్రాజెక్టు పనిని నిజంగానే పోగొట్టుకుంటారు. ముందుగా కంప్యూటరును యాంటీవైరస్‌తో శుభ్రపరచాలి. దాగిన ఫైళ్లను, రక్షిత సిస్టమ్ ఫైళ్లను చూపే అమరికను ఎంచుకొని, కనిపించిన పత్రాలను మాత్రమే వేరొకచోటికి నకలు చేసుకోవాలి. ఫార్మాట్ చేయడం ఆ తరువాతి పని.
* వైరస్, వర్మ్ లేదా ట్రోజన్ అయితే: తాజాపరచిన యాంటీవైరస్‌తో, వీలైతే విండోస్ నడవకముందే పనిచేసే ఆఫ్‌లైన్ విధానంలో, పూర్తి పరీక్ష జరపాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో ఉచిత పరికరాలు లభిస్తాయి. వర్మ్ అయితే ఆ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నిటినీ పరీక్షించాలి. ఒక్కటి మిగిలినా మళ్లీ సోకుతుంది. అనుమానం తీరకపోతే పత్రాలను మాత్రమే భద్రపరచుకొని, డిస్కును ఫార్మాట్ చేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిరిగి స్థాపించాలి.
* రాన్సమ్‌వేర్ అయితే: మాల్‌వేర్‌ను తొలగించినంత మాత్రాన ఫైళ్లు తిరిగిరావు. తాళం వేసినవాడు వెళ్లిపోయినా తాళం మిగిలే ఉంటుంది. డబ్బు చెల్లించినా ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు, కొన్ని భద్రతా సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైటులో కొన్ని రకాలకు విడుదల పరికరాలు ఉచితంగా దొరుకుతాయి. ఈనాడు పరిష్కారం లేకపోయినా రేపు రావచ్చు కనుక మారిన ఫైళ్లను చెరిపివేయరాదు.
* ఫోనులో అయితే: ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, వేరే ఫోను నుండి వెంటనే బ్యాంకుకు తెలపాలి. సేఫ్ మోడ్‌లో ఆ యాప్‌ను తొలగించాలి. సాధ్యం కాకపోతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. డబ్బు పోయినట్లయితే 1930 నంబరుకు ఆలస్యం లేకుండా ఫిర్యాదు చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఖాతాలను నిలుపుదల చేయించడం ఈ ఏర్పాటు ఉద్దేశం.

సంకేతపదాలను శుభ్రమైన మరొక కంప్యూటరు లేదా ఫోను నుండి మార్చుకోవాలి. సోకిన దానిలోనే మార్చితే కొత్త సంకేతపదం కూడా దొంగకు చేరుతుంది.

నివారణ

ఆపరేటింగ్ సిస్టమ్ సవరణలను ఎప్పటికప్పుడు స్థాపించుకోవడం ముఖ్యం. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులుండాలని, అవి రెండు రకాల సాధనాలపై ఉండాలని, ఒకటి వేరొక చోట ఉండాలని నిపుణులు సూచిస్తారు. నకలు తీసిన హార్డ్‌డిస్కును కంప్యూటరుకు తగిలించి వదలివేయరాదు. అలా వదిలితే రాన్సమ్‌వేర్ దానిలోని ఫైళ్లను కూడా బంధిస్తుంది. ముద్రణ కోసం పెన్‌డ్రైవ్‌ను బయట ఇవ్వవలసి వచ్చినపుడు, అందులో ఆ పత్రం ఒక్కటే ఉంచి, అసలు ప్రతిని ఇంటివద్ద ఉంచుకోవడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త.

ఇవి కూడా చూడండి

* కంప్యూటర్ వైరస్
* ఆపరేటింగ్ సిస్టమ్
* సమాచార సాంకేతిక చట్టం, 2000
* కుప్పం