అర్జీకీ జవాబుకీ మధ్య: మక్కళ పంచాయతీలు, కౌమార నాయకత్వం, నిచ్చెన నమూనా పరిమితులు

కౌమార వయస్కులు, అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 10 నుంచి 19 ఏళ్ల వయసు వారు, నాయకత్వం ఎలా అలవరచుకుంటారన్న అంశంపై గత మూడు దశాబ్దాల రచనల్లో ఒకే లోపం పదేపదే కనిపిస్తుంది. పిల్లలు సభలో మాట్లాడారా, వారిని ఎవరు మాట్లాడించారు, వేదిక మీద ఎందరు కూర్చున్నారు అన్న ప్రశ్నలకు పుటలకు పుటలు కేటాయించిన పరిశోధకులు, ఆ మాట గ్రామ పంచాయతీ తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిందా, ఎక్కితే దానికి నిధులు కేటాయించారా, కేటాయించకపోతే ఆ సంగతి పిల్లలకు ఎవరు తిరిగి చెప్పారు అన్న విషయాన్ని దాదాపుగా వదిలేశారు. నాయకత్వం అర్జీ పెట్టిన రోజున పుట్టేది కాదనీ, అర్జీకీ జవాబుకీ మధ్య గడిచే కాలంలోనే అలవడేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కర్ణాటక తీరప్రాంతంలోని కుందాపుర తాలూకాలో 1995లో మొదలైన మక్కళ పంచాయతీలు, అంటే పిల్లలు ఎన్నుకునే పంచాయతీలు, ఇందుకు ప్రధాన ఆధారం.

నిచ్చెనతో వచ్చిన చిక్కు

ఈ లోపానికి మూలం రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన గ్రంథంలోని 'భాగస్వామ్య నిచ్చెన'. పట్టణ ప్రణాళికల్లో పౌరుల పాత్రను కొలవడానికి షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో వేసిన ఎనిమిది మెట్ల నిచ్చెనను హార్ట్ పిల్లలకు అన్వయించాడు. పెద్దలు పిల్లలను తమ పనికి వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, నామమాత్రంగా కూర్చోబెట్టడం అనే కింది మూడు మెట్లూ భాగస్వామ్యమే కావని అతడు తేల్చాడు. పిల్లలు తామే చొరవ తీసుకుని పెద్దలతో కలిసి నిర్ణయం చేయడాన్ని అన్నిటికన్నా పైమెట్టున నిలిపాడు.

ఈ నిచ్చెన పిల్లలకూ వారిని కూడగట్టే పెద్దలకూ మధ్య ఉన్న సంబంధాన్ని కొలుస్తుందే గాని, పిల్లలకూ పాలనా వ్యవస్థకూ మధ్య ఉండవలసిన సంబంధాన్ని కొలవదు. మంచినీటి కుళాయి కావాలని పిల్లలే తలపెట్టి, పెద్దలతో కలిసి నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని పంచాయతీ కార్యాలయంలో అందజేశాక ఆ కాగితం బీరువాలోనే ఉండిపోయినా, ఈ కొలమానం ప్రకారం ఆ ఊరి పిల్లలు పైమెట్టు మీదే ఉన్నట్టు లెక్క. 2008లో హార్ట్ తన నమూనా పరిమితులను తానే పునఃపరిశీలించాడు గాని, ఆ సవరణ అతని అనుయాయుల రచనల్లోకి ఇంకినట్టు కనిపించదు.

తెలుగు బడుల్లో ఏటా జరిగే స్వపరిపాలన దినోత్సవాన్ని ఈ దృష్టితో చూస్తే చిక్కు మరింత స్పష్టమవుతుంది. ఆ రోజు విద్యార్థులే ఉపాధ్యాయులుగా, ప్రధానోపాధ్యాయులుగా, జిల్లా కలెక్టర్లుగా వ్యవహరించి బడిని నడుపుతారు. ఆ అనుభవం సభాభీతిని పోగొట్టి గౌరవాన్ని నేర్పుతుందనడంలో సందేహం లేదు, కాని సాయంత్రం గంట కొట్టాక ఆ కలెక్టరును ఎవరూ జవాబు అడగరు. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్, ఏడు రోజుల ప్రత్యేక శిబిరాల ద్వారా విద్యార్థులను ఊళ్లకు తీసుకువెళ్లి శ్రమదానం చేయించింది. మురుగు కాలువలో పూడిక తీసిన చేతులు శ్రమ విలువను తెలుసుకుంటాయి. ఆ కాలువలో పూడిక ఏటా ఎందుకు పేరుకుంటున్నదో అడగడం మాత్రం పంచాయతీ గడప తొక్కితే గాని అలవడదు.

కుందాపుర సాక్ష్యం

రాజ్యాంగంలోని 243వ అధికరణం గ్రామసభను ఆ గ్రామ ఓటర్ల జాబితాలో నమోదైన వారి సభగా నిర్వచించింది. 61వ సవరణ ఓటు వయసును 18కి తగ్గించగా, 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీలో పోటీకి 21 ఏళ్ల వయసు చాలునన్నది. ఆ విధంగా పదహారేళ్ల బిడ్డ ఊరి నీళ్లు మోస్తున్నా, ఊరి బాటలో నడుస్తున్నా గ్రామసభలో సభ్యత్వం లేకుండా మిగిలిపోయింది. కుందాపుర ప్రయోగం ఈ ఖాళీలోనే మొలిచింది.

పని చేసుకుని బతికే పిల్లల సంఘంగా 1990లో ఏర్పడిన భీమ సంఘం, దానికి అండగా నిలిచిన కన్సర్న్‌డ్ ఫర్ వర్కింగ్ చిల్డ్రన్ సంస్థ కలిసి, పెద్దల గ్రామ పంచాయతీకి సమాంతరంగా పిల్లలు ఎన్నుకునే మక్కళ పంచాయతీని రూపొందించాయి. కన్నడంలో 'మక్కళు' అంటే పిల్లలు. బడికి వెళ్లే పిల్లలతో పాటు పనికి వెళ్లే పిల్లలకూ అందులో ప్రాతినిధ్యం దక్కింది. పిల్లలు తమ కష్టసుఖాలు చెప్పుకోవడానికి తామే ఎంచుకున్న పెద్దమనిషిని 'మక్కళ మిత్ర' అన్నారు. అధికారులూ ప్రజాప్రతినిధులూ పిల్లల ప్రతినిధులూ ఒకచోట కూర్చుని సమస్యలను సమీక్షించే తాలూకా స్థాయి బృందం కూడా ఏర్పడింది. ఈ మూడో అంగమే ప్రయోగానికి ప్రాణం. ఇచ్చిన మాట ఏమైందని పిల్లలు అధికారులను ముఖాముఖి అడగగలిగే చోటు అదే.

ఆ ప్రాంతపు పిల్లలు లేవనెత్తిన సమస్యల్లో కాలుసంక కథ ప్రత్యేకంగా పరిశీలించదగినది. కాలుసంక అంటే వాగు మీద మనిషి నడిచిపోవడానికి వేసే సన్నని కాలివంతెన. పశ్చిమ కనుమల దిగువన వానాకాలంలో వాగులు పొంగినప్పుడు బడికి వెళ్లే దారి తెగిపోతుంది గనుక, పిల్లలు కాలివంతెనలు కావాలని పంచాయతీలను అడిగారు. ఈ కోరిక న్యాయమైనది కావడమే కాదు, చట్టం లెక్కలోనూ సరైన గుమ్మం తట్టింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలను పేర్కొన్న పదకొండో షెడ్యూలులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు ఉన్నాయి. ఏ వాగు, ఎందరు పిల్లలు దాటతారు, ఏ నెలల్లో దారి తెగుతుంది అన్న వివరాలు కూడగట్టి, అంచనా వ్యయమంటే ఏమిటో, నిధులు ఏ పద్దులోంచి రావాలో తెలుసుకుని, ఈ ఏడు కాదన్నప్పుడు ఎందుకు కాదో విని, మళ్లీ సభకు వెళ్లవలసి వచ్చే బిడ్డకు ఆ నడకే పాఠశాల. ఉపన్యాస పోటీ ఏదీ ఈ ఓర్పును నేర్పలేదు.

2004లో ఆ తాలూకా పిల్లలు తమ గ్రామాల ఐదేళ్ల ప్రణాళికల తయారీలో పాల్గొన్నారు; 2006లో కర్ణాటక ప్రభుత్వం పంచాయతీలు ఏటా మక్కళ గ్రామసభ జరపాలని ఉత్తర్వు ఇచ్చింది. ఒక తాలూకాలో పిల్లలు వేసిన బాట రాష్ట్రానికి రహదారి అయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాల కార్మికుల లెక్కలోనే చేర్చాలనే ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ సూత్రం ప్రకారం భీమ సంఘం వంటి పని పిల్లల సంఘానికి గుర్తింపు ఇవ్వడమే అభ్యంతరకరం కావచ్చు గాని, ఆ వివాదం చదువు హక్కుకు సంబంధించినదే తప్ప నాయకత్వం అలవడే తీరుకు సంబంధించినది కాదు.

తెలుగు నేలకు అన్వయం

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలకు కేంద్రం నిర్దేశించిన తొమ్మిది ఇతివృత్తాల్లో 'బాలల హిత గ్రామం' ఒకటి కావడంతో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బాలసభలకు, అంటే పంచాయతీ స్థాయిలో జరిగే పిల్లల సభలకు, చోటు ఇప్పటికే ఉంది. కావలసింది మరో వేదిక కాదు. తీర్మానాల పుస్తకంలో పిల్లల అర్జీలకు ఒక ప్రత్యేక పుట, తరువాతి సభలో ప్రతి అర్జీకీ అవుననో కాదనో కారణంతో కూడిన జవాబు.

ఈ చిన్న ఏర్పాటు పెద్దల రాజకీయాన్నీ మార్చగలదు. మహిళా సర్పంచ్ కుర్చీలో భర్త కూర్చునే అలవాటుకు చట్టాలు వెతుకుతున్న మందు ఇక్కడే ఉంది. పద్నాలుగో ఏట పంచాయతీ కార్యదర్శిని తన అర్జీ ఏమైందని అడిగి జవాబు రాబట్టిన ఆడపిల్ల, ఇరవై ఒకటో ఏట గెలుచుకున్న కుర్చీని మరొకరికి వదలదు. నిచ్చెన మీద ఆ పిల్ల ఏ మెట్టున ఉందో లెక్కించడం కన్నా, ఆమె అడిగిన దానికి ఊరు ఏం జవాబిచ్చిందో నమోదు చేయడమే ఇకపై పరిశోధకుల బాధ్యత.